చెట్టు పడ్డచోటే పలకలు: అనంతపురంలో చైన్ సా కోత ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దండగ

అనంతపురం జిల్లాలో గాలివానకు ఇంటి ముందు వేపచెట్టు పడిందంటే రెండో రోజుకల్లా కట్టెల వ్యాపారి వస్తాడు. టన్ను లెక్కన బేరమాడతాడు. చెట్లు కోసే మిషన్ ఉన్న మనిషిని వెంటబెట్టుకుని మానును అడుగు, అడుగున్నర మొద్దులుగా తెగ్గోయిస్తాడు. అవి ట్రాక్టరెక్కి ఇటుక బట్టీకో, హోటల్ పొయ్యికో చేరతాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసిన చింతమానులదీ చాలావరకు అదే దారి. అరవై డెబ్బై ఏళ్లు ఎండకు కాగి చేవ తేలిన కొయ్య, తలుపులకూ బల్లలకూ పనికొచ్చే కొయ్య, ఒక్క పూట మంటకు పోతుంది. ఇది నష్టమే. ఆ నష్టాన్ని ఆపే సాధనాల్లో చైన్ సా, అంటే ఆ చెట్లు కోసే మిషనే, ఒకటి. అయితే దాన్ని ఏ పనికి వాడాలో తెలియకపోతే కట్టెల వ్యాపారి కన్నా ఎక్కువ కొయ్యను అదే పాడుచేస్తుంది.

ముందు మొద్దు బరువు చూడాలి. ఏడడుగుల చుట్టుకొలత, ఎనిమిదడుగుల పొడవున్న మొద్దును టింబర్ డిపోలో కొలిస్తే 24.5 ఘనపుటడుగులు అంటారు. చుట్టుకొలతలో నాలుగో వంతును అంతతోనే హెచ్చవేసి, పొడవుతో గుణించడం అక్కడి లెక్క. అసలు ఆ గుండ్రని మొద్దులో ఉన్న కొయ్య 31 ఘనపుటడుగుల పైనే. పక్కల నుంచి తీసేసే బెరడు చెక్క, రంపపు పొట్టు పోను మిగిలేదానికే లెక్క కట్టాలన్న ఉద్దేశం ఆ కొలతలోనే ఉంది. పచ్చి మీద ఈ మొద్దు టన్నుకు కాస్త తక్కువ తూగుతుంది. ఊళ్లో సందులోంచో, పెరటి గోడ అవతలి నుంచో దాన్ని బయటికి తేవాలంటే క్రేన్ రావాలి. పాత మిద్దెల ఊళ్లలో క్రేన్ తిరిగేంత జాగా ఉండదు.

ఎలాగో తెచ్చినా కోత మిల్లు వాళ్లు ఇంటి చెట్టు అనగానే వెనక్కి తగ్గుతారు. వాళ్ల భయంలో న్యాయముంది. ఇంటి ముందు వేపచెట్టు అంటే బట్టలారేసే తీగ, బర్రెను కట్టిన ఇనుప రింగు, ఎన్నికల బోర్డు మేకు, సీరియల్ లైట్ల కోసం కొట్టిన చీల అన్నీ బెరడు కింద మునిగిపోయి ఉంటాయి. ఒక్క మేకు తగిలితే వాళ్ల బ్యాండ్ రంపం పళ్లు పోతాయి, పని ఆగిపోతుంది. చైన్ సాకు మేకు తగిలినా నష్టమే గాని, పోయేది ఒక చైన్. ఆకురాయితో పట్టుకుంటే చాలాసార్లు మళ్లీ పనికొస్తుంది.

అందుకే మొద్దును మిల్లు దగ్గరికి మోసుకెళ్లే బదులు చైన్ సానే మొద్దు దగ్గరికి తేవడం మేలు. ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అంగుళాల మందమున్న పచ్చి పలక 90 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. నలుగురు పట్టుకుంటే సందు దాటుతుంది. టన్ను మొద్దుకు దొరకని దారి పలకకు దొరుకుతుంది.

ఇక కోతలో పోయే కొయ్య లెక్క. చైన్ సా పొట్టు చేసే గాటు వెడల్పు దాదాపు 10 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో నాలుగు పదో వంతులు. కోత మిల్లులోని బ్యాండ్ రంపం గాటు రెండు, మూడు మిల్లీమీటర్లే. పై మొద్దును నాలుగు పక్కలా చెక్కితే 18 అంగుళాల చదరపు దిమ్మె వస్తుంది. దాన్ని అంగుళం పలకలుగా కోస్తే బ్యాండ్ రంపం మీద 16 వస్తాయి, చైన్ సాతో 13 వస్తాయి. 13 పలకలకు 12 గాట్లు, ఒక్కోటి 0.4 అంగుళం చొప్పున 4.8 అంగుళాల కొయ్య పొట్టయింది. దిమ్మెలో నాలుగో వంతుకు పైన! అంగుళం చెక్కల కోసం చైన్ సా పట్టడం ఇందుకే దండగ. అవి కావాలనుకునేవాళ్లు ఎంత కష్టమైనా మొద్దును మిల్లుకు చేర్చాలి.

అదే దిమ్మెను మూడంగుళాల పలకలుగా కోస్తే బ్యాండ్ రంపం మీద 5, చైన్ సాతోనూ 5. రెండున్నర అంగుళాలకైతే రెంటి మీదా ఆరేసి. గాట్లు తగ్గేకొద్దీ తేడా కరిగిపోతుంది. దిమ్మెగా చెక్కకుండా, బెరడు అంచు అలాగే ఉంచి మొద్దును పొడవునా పలకలుగా కోసుకుంటే, డిపో కొలతలో లెక్కకు రాని పక్క చెక్క కూడా బల్ల వెడల్పులోకి వచ్చేస్తుంది. కాబట్టి ఈ పద్ధతికి తగిన పని మందపు పలక ఒక్కటే. భోజనాల బల్ల, అరుగు మీది బెంచీ, దుకాణం కౌంటరు, మెట్ల పలకలు, వంటింటి గట్టు. ద్వారబంధానికి పనికొచ్చే కమ్మీలు కూడా కోసుకోవచ్చు. తలుపు రెక్కలకూ అల్మారా అరలకూ ఇది దారి కాదు.

మిషన్ సంగతికొస్తే, మొద్దులు తెగ్గోసే మామూలు చైన్‌తోనే పలకలూ కోయబోవడం ఎక్కువ మంది చేసే పొరపాటు. చెట్టును అడ్డంగా కోసేటప్పుడు పళ్లు నారను పక్క నుంచి తెంపుతాయి. దానికి పంటి పై అంచును 30 డిగ్రీల ఏటవాలుగా సానపడతారు. పలక కోసేటప్పుడు రంపం మొద్దు కొస నుంచి నార వెంట ముందుకు పోవాలి. పంటికి ఎదురయ్యేది నార కొస. అక్కడ ఏటవాలు పన్ను పక్కలకు గుంజుతుంది, పలక ముఖం గరుకుగా గీతలు పడుతుంది, ఇంజిను రొప్పుతుంది. దీనికి 10 డిగ్రీల దగ్గర, దాదాపు నిటారుగా సానపట్టిన చైన్ కావాలి. కొత్తది దొరక్కపోతే పాత చైన్‌నే ఆకురాయితో నాలుగైదు సార్లలో ఆ కోణానికి తెచ్చుకోవచ్చు. రెండు వైపుల పళ్లూ ఒకే పొడవుండాలి. ఒకవైపు పళ్లు పొట్టివైతే గాటు ఆ పక్కకో ఈ పక్కకో వంగుతూ పోతుంది, పలక ఒక కొస మందంగా, ఒక కొస పలుచగా వస్తుంది.

ఇంజిను బలం దగ్గర రాజీ కుదరదు. మార్కెట్లో చవకగా దొరికే 58 సీసీ మిషన్లు కొమ్మలకూ చిన్న మొద్దులకూ చాలు. అడుగు వెడల్పు మెత్తని కొయ్యను ఓపిగ్గా కోస్తాయేమో గాని, రెండడుగుల చింతలో పెడితే ఆ సీజన్ దాటవు. వెడల్పు పలకలకు 70 నుంచి 90 సీసీ ఉండాలి. చైన్ తిరిగే ఇనుప పట్టీని బార్ అంటారు. దాని పొడవు 36 అంగుళాలైనా, మందాన్ని పట్టి ఉంచే చట్రం కొంత తినేస్తుంది కాబట్టి కోతకు మిగిలేది 30 అంగుళాల చుట్టూ. ఆ చట్రాన్నే అలాస్కన్ మిల్ అంటారు. రెండు స్క్వేర్ పైపులు, నాలుగు బోల్టులు, బార్‌ను నొక్కిపట్టే రెండు పట్టీలు. మంచి వెల్డింగ్ షాపులో చెప్పి చేయించుకోగలిగినదే, కాకపోతే పైపులు ఒకదానికొకటి ఖచ్చితంగా సమాంతరంగా ఉండి తీరాలి.

చెట్టు నరకడంలో ఇంజిను నిమిషం అరిచి ఆగుతుంది. పలక కోతలో పది నిమిషాలు ఏకబిగిన పూర్తి రేసులో ఉంటుంది. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు ఆ వేడికి పిస్టన్ గీసుకుపోవడం అరుదేమీ కాదు. అందుకే అనంతపురం ఎండల్లో ఈ పని తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఆపేయాలి. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ మామూలు మిశ్రమమైతే, పలక కోతకు 25 దాకా పోసేవాళ్లున్నారు. గాటు పూర్తయిన వెంటనే ఇంజిను కట్టేయకుండా అరనిమిషం నెమ్మదిగా తిరగనివ్వాలి. ఎయిర్ ఫిల్టర్ ప్రతి పలకకూ దులపాలి, ఎందుకంటే ఈ కోతలో వచ్చేది చెక్కపేళ్లు కాదు, పిండిలాంటి పొట్టు. అది ఊపిరితిత్తుల్లోకీ అంతే తేలిగ్గా వెళ్తుంది. మంచి మాస్కు, చెవులకు మఫ్, కళ్లద్దాలు లేకుండా ఈ పనికి దిగడం మూర్ఖత్వం. చైన్‌కు కాలిన ఇంజినాయిలు పోసే అలవాటు ఒకటి మన దగ్గర బాగా పాతుకుపోయింది. అందులోని ఇనుప రజను ఆయిల్ పంపును అరగదీస్తుంది, పలక మీద పోని నల్ల మరక వేస్తుంది.

ఏ చెట్టు దీనికి తగినది? వేప అన్నిటికన్నా అందుబాటులో ఉన్నది. చేవ ఎర్రగా, గట్టిగా, పురుగుకు కాస్త నిలబడేదిగా ఉంటుంది. నార మెలికలు తిరిగి అల్లుకుని ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు లేచిపోతుంది. వేపకు పురుగు పట్టదన్న నమ్మకం చేవ వరకే నిజం. బెరడు కింది తెల్ల చెక్కకు పుప్పి పడుతుంది, ఆపకపోతే పిండైపోతుంది. చింతలో ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. లోపల చేవ ముదురు చాక్లెట్ రంగులో, రాయిలా గట్టిగా ఉన్నా, చుట్టూ తెల్ల చెక్కే ఎక్కువ ఉంటుంది. కోసిన రోజునే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు తెల్ల భాగమంతా తడిసేలా పూయాలి. నల్లతుమ్మ బండి చక్రాలకూ నాగళ్లకూ వాడిన కొయ్య, దాని సత్తువ చెప్పనక్కర్లేదు. మామిడి మెత్తన, తొందరగా తెగుతుంది, కానీ కోయడంలో నాలుగు రోజులు ఆలస్యమైతే బూజుతో నీలం మరకలు పడతాయి.

వీటన్నిటి మధ్య సర్కారు తుమ్మను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చెరువులనూ వంకలనూ ఆక్రమించిన ఆ కంపను బొగ్గుకు తప్ప దేనికీ పనికిరాదనుకుంటాం. అయితే కొయ్యగా దానికున్న గుణం మన చెట్లలో చాలావాటికి లేదు. ఆరేటప్పుడు చాలా తక్కువ గుంజుకుంటుంది, గుంజుకున్నా అన్ని వైపులా దాదాపు సమంగా గుంజుకుంటుంది. అందువల్ల పలక వంకర పోదు, బీటలు తక్కువ. తొడ లావెక్కిన మాను దొరికితే దాన్ని బొగ్గు బట్టీకి ఇచ్చే ముందు ఒకసారి ఆలోచించాలి. వెడల్పు బల్లలు రావు గాని స్టూళ్లకూ పిడులకూ నేల పలకలకూ దానికి సాటి తక్కువ. పైగా ఈ చెట్టు పోతే ఎవరూ బాధపడరు.

కర్నూలు, అనంతపురం అడవుల్లోని నారేపి నీళ్లలో మునిగేంత బరువైన కొయ్య. కడప వైపు శేషాచలం, లంకమల కొండల్లోని ఎర్రచందనం సంగతి అందరికీ తెలిసిందే. అడవిలోని ఈ చెట్లు ఈ వ్యాసం పరిధిలోకి రావు. అడవి చెట్టు మీద చైన్ సా పెట్టడం నేరం. సొంత పట్టా భూమిలోనైనా చాలా రకాల చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, కొయ్యను ఊరు దాటించడానికి అటవీ శాఖ రవాణా పర్మిట్ అవసరమవుతాయి. రోడ్డు పక్క చెట్టు పడిపోయినా అది ప్రభుత్వానిదే, వేలంలో కొనాల్సిందే. 1996లో అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీం కోర్టు ఆదేశాల తర్వాత కొయ్య కోత మీద నిఘా గట్టిపడింది. కూలికి ఊరూరా తిరిగి పలకలు కోయాలనుకునేవాళ్లు మిషన్ కొనక ముందే రేంజ్ ఆఫీసుకు వెళ్లి మాట్లాడుకోవడం మంచిది. కడప జిల్లాలో కొండ అంచు ఊళ్లవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. అక్కడ బండిలో చైన్ సా కనబడితే చాలు, ప్రశ్నలు మొదలవుతాయి.

కోతకు ముందు మొద్దును బాడిసతో బెరడు తీసి శుభ్రం చేయాలి. ఈ ప్రాంతంలో ఏడాదిలో సగం రోజులు గాలికి ఎర్రమన్ను లేచి బెరడు నెర్రెల్లో కూరుకుని ఉంటుంది. చైన్‌ను మొండి చేసేది చేవ కాదు, ఆ ఇసుకే. బెరడు తీశాక మొద్దు కొసల్లో, పక్కల్లో ముదురు నీలి నలుపు మచ్చ ఎక్కడైనా కనిపిస్తే అక్కడ ఇనుము ఉన్నట్టు. కొయ్యలోని వగరుతో ఇనుము కలిసి ఆ రంగు తెస్తుంది. మేకు దొరికితే పీకాలి, దొరక్కపోతే గాటు వరస అక్కడ పడకుండా జరుపుకోవాలి.

మొత్తం పనిలో కష్టమైనది మొదటి గాటు. చట్రం మీద కూర్చుని రంపం నడవడానికి గుండ్రని మొద్దు మీద చదును ఉండదు కాబట్టి అల్యూమినియం నిచ్చెనో, వంకరలేని పలకో మొద్దు పైన బిగిస్తారు. రెండో గాటు నుంచి మొదటి గాటు ముఖమే దారి అవుతుంది. అంటే మొదటిదాంట్లో ఎంత మెలిక ఉంటే కింది పలకలన్నిటిలోనూ అంత మెలికా వస్తుంది. నిచ్చెన రెండు కొసల మీదా రసమట్టం పెట్టి, రెండూ ఒకే మట్టంలో ఉన్నాయని చూసుకోవాలి. తర్వాత రెండు కొసల మీదా అడ్డంగా రెండు తిన్నని కర్రలు పెట్టి వెనక నుంచి ఒంటి కన్నుతో చూస్తే ముందు కర్ర, వెనక కర్ర ఒకే గీతలో కలవాలి. పాత వడ్రంగులు దూలం సరిచూసేది ఇలాగే. ఇద్దరు మనుషులు పెద్ద రంపంతో, ఒకరు పైన ఒకరు కింద నిలబడి దూలాలు కోసిన రోజుల్లోనూ రంగు దారం కొట్టి గీత తిన్నగా పడ్డాకే రంపం పెట్టేవారు. ఈ పదిహేను నిమిషాల ఓపిక లేనివాళ్లు తర్వాత నెల రోజులు చిత్రిక పడతారు.

మొద్దు నట్టనడిమి చుక్క ఏ పలకలో పడుతుందో ముందే చూసుకోవాలి. ఆ చుక్క ఉన్న పలక నిలువునా చీలుతుంది, తప్పదు. దాన్ని నడిమి పలకలో పెట్టి, తర్వాత ఆ పలకను నిలువునా రెండుగా కోసి చుక్కను తీసేస్తే తక్కువ వెడల్పువే అయినా రెండు మంచి పలకలు మిగులుతాయి. మొద్దు కాస్త వాలుగా ఉంటే, పై కొస నుంచి కిందికి కోయాలి. రంపం తన బరువుతో తానే జారుతుంది, నడుం నొప్పి సగం తగ్గుతుంది. గాటు రెండడుగులు పోగానే వెనక సన్నగా చెక్కిన చెక్క ముక్కలు దూర్చుకుంటూ రావాలి, లేకపోతే పై పలక బరువుకు గాటు మూసుకుని బార్ ఇరుక్కుంటుంది. చదును చేయడానికీ, ఆరేటప్పుడు గుంజుకోవడానికీ కలిపి అర అంగుళం అదనం ఉంచాలి. రెండంగుళాల బల్ల కావాలంటే రెండున్నర కోయాలి.

కోత ఒక పూటలో అయిపోతుంది. మిగతా పని ఏడాది పడుతుంది, అనంతపురంలో ఎక్కువ పలకలు చెడేది ఆ ఏడాదిలోనే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వానతో దేశంలోనే బాగా పొడి ప్రాంతాల్లో ఇదొకటి. జూన్ నుంచి ఆగస్టు దాకా వాన కన్నా గాలే ఎక్కువ. పాత అనంతపురం జిల్లాలోని రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆరడానికి ఎండా గాలీ బాగుంటే మంచిదే కదా అనిపిస్తుంది. కొయ్య విషయంలో అది తలకిందులు. పలక ఉపరితలం వారంలో ఎండి గుంజుకుంటుంది, లోపలి కొయ్య ఇంకా తడిగానే ఉబ్బి ఉంటుంది. పైపొర ఆ లాగుడుకు తాళలేక నెర్రెలిస్తుంది. పలక కొసల నుంచి నీరు పక్కల కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కాబట్టి అక్కడ నిలువు బీటలు ఇంకా లోతుగా పడతాయి. వలయాల వెంట కొయ్య గుంజుకునేది, అడ్డంగా గుంజుకునే దానికి దాదాపు రెండింతలు. పలక దోనెలా వంగేది అందుకే.

కనుక ఇక్కడ చేయాల్సింది ఆరబెట్టడం కన్నా ఆరడాన్ని ఆలస్యం చేయడం. మొద్దు పడిన రోజే రెండు కొసలకూ మందంగా మైనమో, పాత ఆయిల్ పెయింటో రెండు పొరలు పూయాలి. వారం తర్వాత పూస్తే అప్పటికే లోపల బీట పడి ఉంటుంది. కోతకు వీలైతే సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య కాలం ఎంచుకోవాలి. ఈ జిల్లాకు వానలు ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కాబట్టి గాలిలో తడి ఉంటుంది, మొదటి మూడు నెలల ఆరుదల నెమ్మదిగా సాగుతుంది. మార్చిలో కోసిన పలక ఏప్రిల్ చూడకుండానే పగులుతుంది.

రేకుల షెడ్డులో పెట్టకూడదు, మధ్యాహ్నం అది కొలిమే. బోద కొట్టమో, మిద్దె ఇంట్లో చీకటి గదో ఉత్తమం. నేల నుంచి అడుగు ఎత్తున మూడు దిమ్మెలు మట్టంగా పేర్చి, చెద ఎక్కకుండా చూసుకుని, పలకల మధ్య అంగుళం మందపు ఎండు కమ్మీలు అడుగున్నరకు ఒకటి చొప్పున పెట్టాలి. కమ్మీలన్నీ ఒకదాని మీద ఒకటి ఒకే నిలువు వరసలో రావాలి. వరస తప్పితే పలక అక్కడ కిందికి జారి అలాగే గట్టిపడుతుంది. పైన బండలు పేర్చి బరువు పెట్టాలి. ఈ జిల్లాలో బండలకు కరువు లేదు. గాలి తగిలే పడమటి వైపు వేరుశనగ గోనె పట్టలు వేలాడదీస్తే గాలి దూరుతుంది గాని దూసుకుపోదు. మొదటి రెండు నెలలు నాలుగు పక్కలా అలాగే కప్పి ఉంచి, తర్వాత ఒక్కో పక్కా తెరుచుకుంటూ రావచ్చు.

అంగుళం మందానికి ఏడాది అన్న పాత లెక్క చల్లని దేశాలది. ఇక్కడ అంతకన్నా ముందే ఆరుతుంది, కానీ తేదీని కాదు బరువును నమ్మాలి. అదే మొద్దు నుంచి అదే మందంలో అడుగున్నర ముక్క ఒకటి కోసి, దాని కొసలకూ పూత పూసి, దొంతరలోనే ఒక కొసన పెట్టాలి. పదిహేను రోజులకోసారి దాన్ని త్రాసు మీద తూచి సున్నం గోడ మీదే రాసిపెట్టుకుంటే చాలు. మొదట్లో గబగబా, తర్వాత కొద్దికొద్దిగా బరువు దిగుతుంది. ఎండాకాలంలో వరసగా మూడు తూకాలు ఒకటే వస్తే పలక ఇక్కడి గాలికి సమానమైనట్టు. అప్పుడు వడ్రంగిని పిలవొచ్చు. వానాకాలంలో ఆగిన బరువును నమ్మి బల్ల చేయిస్తే మళ్లీ మార్చిలో కీళ్లు విడిపోతాయి, కాబట్టి ఆఖరి తూకం ఏప్రిల్‌లో వేయడమే మేలు.